కాలేయ ధమని ఎటు నుంచి వస్తోంది? కోతకు ముందే తేల్చుకోవాల్సిన సంగతి

పై పొట్ట ఆపరేషన్‌కు ముందు తీసే సీటీ రిపోర్టుల్లో గడ్డ కొలత ఉంటుంది, లింఫ్ గ్రంథుల ప్రస్తావన ఉంటుంది, పోర్టల్ వెయిన్‌ను (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పెద్ద సిరను) గడ్డ తాకిందో లేదో ఉంటుంది. కాలేయానికి రక్తం ఏ దారిన వస్తోందన్న మాట మాత్రం చాలాసార్లు కనిపించదు. ఉన్నా "హెపాటిక్ ఆర్టరీ నార్మల్" అన్న ముక్కతో సరిపెడతారు. ఆ ముక్క సర్జన్‌కు దేనికీ పనికిరాదు. ధమని ఎక్కడ పుట్టింది, ఏ అవయవం వెనుకగా వెళ్లింది, కాలేయంలో ఏ భాగాన్ని పోషిస్తోంది అన్న మూడు విషయాలూ ఆపరేషన్ టేబుల్ మీద ప్రాణాధారమైనవి. ఈ ధమనుల తేడాలకు పెట్టిన టైపు నంబర్లు బట్టీ పట్టడం కన్నా ఈ మూడింటినీ ప్రతి రోగిలోనూ చివరిదాకా వెతికి రాయడం ముఖ్యమని నా గట్టి నమ్మకం. ఈ పోస్టు అందుకోసమే, ముఖ్యంగా సర్జరీ, రేడియాలజీ రెసిడెంట్ల కోసం.

ముందు సాధారణ అమరిక. బృహద్ధమని డయాఫ్రం దాటి పొట్టలోకి దిగీ దిగగానే, 12వ థొరాసిక్ వెన్నుపూసకూ 1వ లంబార్ వెన్నుపూసకూ మధ్య ఎత్తులో, ముందు వైపు నుంచి సీలియాక్ ట్రంక్ పుడుతుంది. పొడవు 1 నుంచి 3 సెం.మీ. అది మూడుగా చీలుతుంది. లెఫ్ట్ గ్యాస్ట్రిక్ ఆర్టరీ జీర్ణాశయం పైభాగానికి, స్ప్లీనిక్ ఆర్టరీ ప్లీహానికి, కామన్ హెపాటిక్ ఆర్టరీ కాలేయం వైపుకు వెళ్తాయి. ఈ మూడు కొమ్మల అమరికను 1756లో హాలర్ వర్ణించాడు, ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు. సీలియాక్ కింద సుమారు ఒక సెంటీమీటరు దూరంలో సుపీరియర్ మెసెంటెరిక్ ఆర్టరీ, అంటే ఎస్ఎంఎ, బయల్దేరుతుంది. కామన్ హెపాటిక్ కుడివైపు సాగి, గ్యాస్ట్రోడుయోడినల్ ఆర్టరీని (ఇక నుంచి జీడీఏ అంటాను) కిందికి వదిలి, ప్రాపర్ హెపాటిక్‌గా పైకి వెళ్లి కుడి, ఎడమ కొమ్మలవుతుంది.

ఈ బొమ్మ ఎంతమందిలో ఇలాగే ఉంటుంది? మిషెల్స్ 200 శవచ్ఛేదాల ఆధారంగా 1966లో ఇచ్చిన పది టైపుల పట్టికలో మొదటి టైపు, అంటే పుస్తకంలోని బొమ్మ, 55 శాతమే. హయాట్ బృందం 1994లో 1000 దాత కాలేయాలను చూసి ప్రచురించిన లెక్కలో అది 75.7 శాతం. ఒకటి శవచ్ఛేదం, ఇంకొకటి దాత శస్త్రచికిత్స. చూసిన పద్ధతి వేరు, గుంపులు కట్టిన తీరు వేరు. ఏ లెక్క పట్టుకున్నా దాదాపు నలుగురిలో ఒకరికైనా కాలేయ ధమనులు వేరే దారిలో వస్తున్నట్టే. అంత తరచుగా ఎదురయ్యేదాన్ని అరుదైన వింతగా చూడటం తప్పు.

ఎక్కువగా కనిపించేవి రెండే. ఒకటి, కుడి హెపాటిక్ ధమని ఎస్ఎంఎ నుంచి రావడం. రెండు, ఎడమ హెపాటిక్ ధమని లెఫ్ట్ గ్యాస్ట్రిక్ నుంచి రావడం. హయాట్ లెక్కలో మొదటిది 10.6 శాతం, రెండోది 9.7 శాతం, రెండూ ఒకే మనిషిలో ఉండటం 2.3 శాతం. కామన్ హెపాటిక్ మొత్తంగా ఎస్ఎంఎ నుంచి రావడం 1.5 శాతం. బృహద్ధమని నుంచి నేరుగా రావడం 0.2 శాతం. ఈ చివరి రెండూ అరుదే గానీ, 1.5 శాతం ఉన్నదాన్ని గమనించకుండా కోస్తే పోయేది కాలేయానికి వెళ్లే మొత్తం ధమని రక్తం.

ఇన్ని తేడాలు ఎందుకొస్తాయో పిండదశ చెబుతుంది. దీన్ని టాండ్లర్ 1904లో వివరించాడు. పిండంలో బృహద్ధమని ముందు వైపు నుంచి పేగు గొట్టానికి నాలుగు వేర్లు వెళ్తాయి. వాటి ముందు భాగాలను కలుపుతూ నిలువుగా ఒక నాళం ఉంటుంది. మామూలుగా మధ్యలోని రెండు వేర్లు మాయమవుతాయి. మొదటి వేరు సీలియాక్‌గా, నాలుగోది ఎస్ఎంఎగా మిగులుతాయి. లెఫ్ట్ గ్యాస్ట్రిక్, స్ప్లీనిక్, హెపాటిక్ కొమ్మలు ఆ నిలువు నాళం నుంచే పుడతాయి. తర్వాత హెపాటిక్ కొమ్మకు దిగువన ఆ నాళం తెగి, సీలియాక్ వేరుగా, ఎస్ఎంఎ వేరుగా నిలుస్తాయి. తెగాల్సిన చోటుకు కాస్త పైన తెగితే హెపాటిక్ కొమ్మ ఎస్ఎంఎ వాటాలో పడుతుంది. అసలు తెగకుండా, చివరి వేర్లలో ఒకటి మాయమైతే సీలియాక్, ఎస్ఎంఎ రెండూ ఒకే కాండం నుంచి వస్తాయి. ఇది నూటికి ఒకరిలో ఉంటుంది. వేర్లు రెండూ నిలిచి, నిలువు నాళం కూడా మిగిలిపోతే సీలియాక్‌కూ ఎస్ఎంఎకూ మధ్య నేరు వంతెన ఉంటుంది. దాన్నే బ్యూలర్ ఆర్క్ అంటారు. ఈ నాలుగు వేర్ల బొమ్మ ఒక్కసారి కాగితం మీద గీసుకుంటే టైపులను కంఠస్థం చేయాల్సిన పనే ఉండదు. ప్రతి తేడా ఎక్కడ తెగిందో, ఏది మిగిలిందో అన్న ప్రశ్నకు జవాబుగా వచ్చేస్తుంది.

రీప్లేస్డ్, యాక్సెసరీ అన్న రెండు మాటల దగ్గర చాలామంది తడబడతారు. ఆ లోబ్‌కు వెళ్లే ధమని మొత్తంగా వేరే చోట నుంచి వస్తే రీప్లేస్డ్. మామూలు ధమని ఉండి, దానికి తోడు ఇంకొకటి వస్తే యాక్సెసరీ. వినడానికి యాక్సెసరీ అంటే అదనం, పోయినా పరవాలేదు అన్నట్టు ఉంటుంది. అది ప్రమాదకరమైన అర్థం. ఆ అదనపు ధమని కాలేయంలోకి వెళ్లాక ఫలానా సెగ్మెంట్‌కు (కాలేయంలో నంబరు పెట్టిన భాగాల్లో ఒకదానికి) సొంత ధమనిగా పనిచేస్తుంది. ఇంకో వైపు, కాలేయ ద్వారం దగ్గరి పొరలో కుడి ఎడమ ధమనులను కలిపే సన్నని నాళాలు ఉంటాయి. ఒక ధమనిని కట్టేస్తే అవి తెరుచుకుంటాయి. కాలేయ ధమనిలోకి నేరుగా కీమో మందు పంపే పంపు అమర్చే సర్జన్లు రీప్లేస్డ్ ధమనులను కావాలనే కట్టేసి, మందు ఒకే దారి నుంచి రెండు లోబులకూ చేరేలా చేస్తారు. అంటే కట్టేసిన ప్రతిసారీ కాలేయం చచ్చిపోదు. కానీ ఆ సర్దుబాటు ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో, పోర్టల్ రక్తం బాగా వస్తున్నప్పుడు, కామెర్లు లేనప్పుడు జరిగేది. సిరోసిస్ ఉన్నా, పిత్తనాళం ఎన్నాళ్లుగానో మూసుకుపోయి ఉన్నా, దాని మీద నమ్మకం పెట్టుకోకూడదు.

ఇక సీటీలో ఎలా చూడాలి. ముందు స్కాన్ సరిగా తీయాలి. మోచేతి దగ్గర సిరలో 18 గేజ్ కాన్యులా, మి.లీ.కు 350 నుంచి 370 మి.గ్రా. అయోడిన్ బలం ఉన్న కాంట్రాస్ట్, సెకనుకు 4–5 మి.లీ. వేగం, వెనుకే 30–40 మి.లీ. సెలైన్. డయాఫ్రం ఎత్తులో బృహద్ధమని మీద గుర్తు పెట్టి, 100–150 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో తెల్లదనపు కొలత) దాటగానే ధమని దశ మొదలయ్యేలా అమర్చాలి. తర్వాత 65–70 సెకన్ల దగ్గర పోర్టల్ దశ. తాగడానికి నీళ్లే ఇవ్వాలి. తెల్లగా కనిపించే నోటి కాంట్రాస్ట్ ఇస్తే డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) వెలుగులో పక్కనున్న ధమనులు కలిసిపోతాయి, త్రీడీ బొమ్మ కూడా పాడవుతుంది. స్లైస్ మందం 1 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ. 5 మి.మీ. స్లైస్‌లో 2 మి.మీ. ధమని చుట్టూ ఉన్న కొవ్వుతో కలిసి బూడిద రంగు మరకగా మిగిలిపోతుంది. తేడాలు దొరక్కపోవడానికి ఎక్కువగా కారణం ఇదే, చూసేవారి కళ్లు కాదు. వేరే చోట తీసిన 5 మి.మీ. ఫిల్ములే చేతికొస్తే సన్నని స్లైసుల డేటా తెప్పించుకోండి. అవి లేకపోతే ఆ స్కాన్ మీద ఆధారపడి ధమనులు మామూలుగానే ఉన్నాయని రాయకండి.

చదివేటప్పుడు రెండు చోట్లు ముందు చూడాలి. మొదటిది పోర్టల్ వెయిన్‌కూ ఐవీసీకీ (ఒంటి కింది భాగం నుంచి గుండెకు వెళ్లే పెద్ద సిరకు) మధ్య ఉన్న జాగా. మామూలుగా అక్కడ కొవ్వు, ఒక లింఫ్ గ్రంథి, కాలేయపు వెనుక భాగమైన కాడేట్ లోబ్ కొస తప్ప ధమని ఉండదు. అక్కడ తెల్లని చుక్క కనిపించి, కిందికి వెళ్లేకొద్దీ ఎస్ఎంఎ కుడి పక్కకు చేరితే అది ఎస్ఎంఎ నుంచి వచ్చే కుడి హెపాటిక్ లేదా కామన్ హెపాటిక్. రెండోది లిగమెంటమ్ వీనోసమ్ చీలిక, అంటే కాడేట్ లోబ్‌కూ ఎడమ లోబ్ పక్క భాగానికీ మధ్య గాడి. అక్కడ అడ్డంగా ఒక ధమని పోతోందంటే అది లెఫ్ట్ గ్యాస్ట్రిక్ నుంచి వచ్చే ఎడమ హెపాటిక్. ఈ రెండు చోట్లనూ అర నిమిషంలో చూడొచ్చు. ఎక్కువ శాతం తేడాలు ఇక్కడే బయటపడతాయి.

అంతటితో ఆగకూడదు. కాలేయం నుంచి మొదలుపెట్టి వెనక్కి రావడం మంచి పద్ధతి. కాలేయం ఎడమ లోబ్‌లోని బొడ్డు చీలికలో (అంబిలికల్ ఫిషర్) ఎడమ ధమనిని పట్టుకుని ఒక్కో స్లైసూ దిగుతూ అది పుట్టిన చోటుదాకా వెళ్లాలి. అలాగే కుడి ముందరి, వెనుక కొమ్మలను పట్టుకుని దిగాలి. తర్వాత జీడీఏ. చివరగా సెగ్మెంట్ 4 కొమ్మ ఎడమ నుంచి వస్తోందా, కుడి నుంచి వస్తోందా. బృహద్ధమని నుంచి పైకి వెతికితే ఒక ధమని దొరకగానే తృప్తి పడి ఆగిపోతాం, రెండో ధమని తప్పిపోతుంది. కాలేయం నుంచి వెనక్కి వస్తే ప్రతి సెగ్మెంట్‌కూ లెక్క చెప్పాల్సిందే. 5–10 మి.మీ. మందంతో ఎంఐపీ బొమ్మలు (ఆ మందంలోని తెల్లని నాళాలన్నీ ఒకే బొమ్మలో చూపేవి) దారిని ఒకే చూపులో చూపిస్తాయి. త్రీడీ రంగుల బొమ్మ సర్జన్‌కు చూపించడానికి బాగుంటుంది గానీ, నిర్ణయం మాత్రం మూల స్లైసుల మీదే చేయాలి. సన్నని ధమనులను త్రీడీ సాఫ్ట్‌వేర్ తుడిచేస్తుంది.

పొరపాటు పడే చోటు ఒకటుంది. ఎస్ఎంఎ నుంచి కాలేయానికి ఒక పెద్ద ధమని వెళ్తోందంటే వెంటనే రీప్లేస్డ్ రైట్ హెపాటిక్ అని రాసేస్తారు. జీడీఏ ఎక్కడ పుట్టిందో చూడండి. ఆ ధమని నుంచే జీడీఏ పుడితే అది కామన్ హెపాటిక్, ఎడమ లోబ్ కూడా దాని మీదే ఆధారపడి ఉండొచ్చు. రెండింటికీ ఆపరేషన్ పథకం పూర్తిగా వేరు. అలాగే కామన్ హెపాటిక్ సీలియాక్ నుంచే పుట్టినా కొందరిలో పోర్టల్ వెయిన్ వెనుకగా వెళ్తుంది. పుట్టిన చోటు మామూలే కాబట్టి మిషెల్స్ పట్టికలో దానికి విడి టైపు లేదు, సర్జన్‌కు మాత్రం అది తెలిసి తీరాలి. కుడి, ఎడమ, జీడీఏ మూడూ ఒకే చోట చీలడం, కుడి హెపాటిక్ సీలియాక్ నుంచే త్వరగా విడిపోవడం కూడా అంతే. అందుకే రిపోర్టులో టైపు నంబరు ఒక్కటే రాయొద్దంటాను. ఇలా రాస్తే పనికొస్తుంది: "కుడి హెపాటిక్ ఆర్టరీ ఎస్ఎంఎ నుంచి, దాని మూలానికి 2 సెం.మీ. దూరంలో పుట్టి, క్లోమం తల వెనుకగా, పోర్టల్ వెయిన్ వెనుక నుంచి కుడివైపుకు సాగి కుడి లోబ్ మొత్తానికి వెళ్తోంది. వ్యాసం 4 మి.మీ. గడ్డకూ దీనికీ మధ్య కొవ్వు పొర నిలిచి ఉంది. జీడీఏ సీలియాక్ వైపు కామన్ హెపాటిక్ నుంచే పుట్టింది."

ఆ రిపోర్టు ఎక్కువగా అవసరమయ్యేది విపుల్ ఆపరేషన్‌లో, అంటే క్లోమం తలను, డుయోడినంను, పిత్తనాళం కింది భాగాన్ని తీసేసే ఆపరేషన్‌లో. ఎస్ఎంఎ నుంచి వచ్చే కుడి హెపాటిక్ క్లోమం తల వెనుకనే, కొన్నిసార్లు దాని కణజాలం గుండానే వెళ్తుంది. తీసేయాల్సిన భాగంలోంచి, ఉంచాల్సిన ధమని పోతోందన్నమాట. పొట్ట తెరిచాక చేతితో తెలుసుకునే పద్ధతి పాతదే గానీ నమ్మదగినది. ఎడమ చూపుడు వేలును విన్‌స్లో రంధ్రంలోకి పోనిచ్చి, బొటనవేలు ముందు ఉంచి, ఆ రంధ్రానికి ముందున్న హెపాటోడుయోడినల్ లిగమెంట్‌ను (పిత్తనాళం, కాలేయ ధమని, పోర్టల్ వెయిన్ ఉండే పొరను) రెండు వేళ్ల మధ్య పట్టుకోవాలి. మామూలుగా నాడి ముందు, ఎడమవైపు తగులుతుంది. పిత్తనాళానికి వెనుక, కుడి అంచున నాడి కొడుతుంటే అది ఎస్ఎంఎ నుంచి వచ్చినదే. లాపరోస్కోపీలో, రోబోట్‌లో ఈ స్పర్శ ఉండదు. అక్కడ సీటీ, ఆపరేషన్ మధ్యలో అల్ట్రాసౌండ్ మాత్రమే దిక్కు. పిత్తనాళం కోసేటప్పుడు దాని వెనుక గోడను చుట్టూ విడదీయకుండా కత్తెర పెడితే తెగేది ఈ ధమనే. పిత్తనాళం పక్కన, పోర్టల్ వెయిన్ వెనుక ఉన్న లింఫ్ గ్రంథులను తీసేటప్పుడూ అంతే జాగ్రత్త. ఈ ధమని ఉందని ముందే తెలిస్తే, కోకర్ మలుపు (డుయోడినంను, క్లోమం తలను వెనుక నుంచి విడదీసి ఎడమకు తిప్పడం) తర్వాత ఎస్ఎంఎను దాని మూలం దగ్గరే మొదట బయటపెట్టే పద్ధతి అనుకూలంగా ఉంటుంది. పుట్టిన చోట ధమనిని పట్టుకుని, కింది నుంచి పైకి క్లోమం నుంచి విడదీయవచ్చు.

అది తెగితే కాలేయం తట్టుకోవచ్చు, పిత్తనాళం తట్టుకోదు. దీనికి కారణం తెలుసుకోవాలి. పిత్తనాళం గోడ వెంట 3 గంటల, 9 గంటల స్థానాల్లో నిలువుగా సన్నని ధమనులు ఉంటాయి. వాటికి రక్తం సుమారు 60 శాతం కింది నుంచి, ముఖ్యంగా జీడీఏ కొమ్మల నుంచి, 38 శాతం పై నుంచి, ముఖ్యంగా కుడి హెపాటిక్ నుంచి వస్తుంది. విపుల్‌లో జీడీఏను ఎలాగూ కడతాం కాబట్టి కింది దారి మూసుకుపోతుంది. కుడి హెపాటిక్ కూడా పోతే మిగిలిన పిత్తనాళపు మొదలుకు రక్తం ఉండదు. పేగుతో కలిపిన అతుకు కారుతుంది, తర్వాత ఇరుకవుతుంది, కుడి లోబ్‌లో చీముగడ్డలు వస్తాయి. అందుకే పొరపాటున తెగితే మళ్లీ అతకడమే సరైనది. చివరలు దగ్గరికొస్తే నేరుగా, రాకపోతే జీడీఏ మొదలును తిప్పి దానికి కలపవచ్చు, లేదా సిర ముక్క వాడవచ్చు. గడ్డ ఆ ధమనిని చుట్టేసిందని ముందే తెలిస్తే, ఆపరేషన్‌కు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల ముందు కాయిల్స్‌తో (ధమనిని లోపలి నుంచి మూసే సన్నని లోహపు చుట్టలతో) దాన్ని మూసి, ఎడమ వైపు నుంచి పక్కదారులు తెరుచుకునే సమయం ఇచ్చే పద్ధతీ ఉంది. కాయిల్‌ను ధమని చీలకముందు భాగంలోనే పెట్టాలి. చీలిక దాటితే పక్కదారులు వచ్చి కలిసే చోటే మూసుకుపోతుంది.

జీడీఏను కోసే ముందు ఒక పరీక్ష తప్పనిసరి, ధమనులు మామూలుగా ఉన్నాయని సీటీ చెప్పినా సరే. జీడీఏ మీద బుల్‌డాగ్ క్లాంప్ పెట్టి, ప్రాపర్ హెపాటిక్ మీద నాడి చూడాలి, డాప్లర్ ఉంటే దానితో వినాలి. నాడి తగ్గితే ఆగిపోవాలి. అర్థం ఏమిటంటే సీలియాక్ మూలం ఇరుకుగా ఉంది, కాలేయానికి రక్తం ఎస్ఎంఎ నుంచి క్లోమం చుట్టూ ఉన్న కొమ్మల ద్వారా, జీడీఏలో తలకిందులుగా పారి వస్తోంది. జీడీఏను కడితే కాలేయం, జీర్ణాశయం, ప్లీహం మూడూ ఒకేసారి ఎండుతాయి. ఇరుకుకు కారణం చాలావరకు రెండే: ధమని గోడలో కొవ్వు, సున్నం పేరుకోవడం, లేదా డయాఫ్రం దగ్గరి మీడియన్ ఆర్క్యుయేట్ లిగమెంట్ కాస్త దిగువన ఉండి సీలియాక్‌ను పైనుంచి నొక్కడం. ఈ లిగమెంట్ 10 నుంచి 24 శాతం మందిలో అలా దిగువన ఉంటుంది. వారిలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. సజిటల్ సీటీలో (పక్క నుంచి చూసే కోతలో) సీలియాక్ మొదలు కొక్కెంలా వంగి, పైఅంచున నొక్కు కనిపిస్తుంది. ఊపిరి వదిలినప్పుడు నొక్కు పెరుగుతుంది. డాప్లర్‌లో గరిష్ఠ వేగం సెకనుకు 200 సెం.మీ. దాటితే 70 శాతం పైబడిన ఇరుకును అనుమానించాలి. ఎస్ఎంఎకు ఆ గీత 275 సెం.మీ. క్లోమం తల చుట్టూ ధమనులు ఉబ్బి, జీడీఏ లావుగా కనిపించడం ఇంకో ఆనవాలు. లిగమెంట్ నొక్కుడైతే దాన్ని కోస్తే చాలు, నాడి అక్కడికక్కడే తిరిగొస్తుంది. లిగమెంట్ కోయకుండా స్టెంట్ పెడితే బయటి నుంచి నొక్కుడు అలాగే ఉంటుంది, స్టెంట్ నలిగిపోతుంది. కొవ్వు పేరుకున్న ఇరుకైతే ఆపరేషన్‌కు ముందే స్టెంట్ ఆలోచించాలి. ఈ ఇరుకు ఉన్నవారిలో క్లోమం చుట్టూ ఉన్న కొమ్మల మీద రక్తపు ఒత్తిడి పెరిగి చిన్న ఉబ్బులు వస్తాయి. అవి ఎంత చిన్నవైనా పగలవచ్చు కాబట్టి, కొలత చూసి వదిలేయడం సరికాదు.

అన్నవాహిక తీసేసి జీర్ణాశయాన్ని గొట్టంగా మార్చి పైకి లాగే ఆపరేషన్‌లో కూడా ఇదే లెక్క. ఆ గొట్టం జీడీఏ నుంచి వచ్చే రైట్ గ్యాస్ట్రోఎపిప్లాయిక్ మీదే బతుకుతుంది. సీలియాక్ ఇరుకుగా ఉంటే ఛాతీలోని అతుకు ప్రమాదంలో పడుతుంది.

ఎడమ వైపు తేడా జీర్ణాశయం సర్జన్‌కు ఎదురవుతుంది. లెఫ్ట్ గ్యాస్ట్రిక్ నుంచి వచ్చే ఎడమ హెపాటిక్, లెస్సర్ ఓమెంటం (జీర్ణాశయానికీ కాలేయానికీ మధ్య ఉండే పలుచని పొర) పైభాగంలో, వేగస్ నరం నుంచి కాలేయానికి వెళ్లే కొమ్మ పక్కనే అడ్డంగా పోతుంది. క్యాన్సర్‌కు డీ2 గ్యాస్ట్రెక్టమీలో (జీర్ణాశయాన్నీ, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులనూ తీసే ఆపరేషన్‌లో) లెఫ్ట్ గ్యాస్ట్రిక్‌ను మూలం దగ్గర కట్టడం రివాజు, 7వ స్టేషన్ లింఫ్ గ్రంథులు అక్కడే ఉంటాయి కాబట్టి. ఈ ధమని ఉన్నవారిలో అలా కడితే సెగ్మెంట్ 2, 3 రక్తం కోల్పోతాయి. మార్గం ఉంది. లెఫ్ట్ గ్యాస్ట్రిక్ కాండాన్ని మూలం నుంచి శుభ్రంగా ఒలిచి, గ్రంథులు తీసి, కాలేయపు కొమ్మ విడిపోయిన తర్వాత జీర్ణాశయానికి వెళ్లే కొమ్మలను మాత్రం కట్టాలి. గ్రంథులు గట్టిగా అతుక్కుని అది కుదరకపోతే ముందు క్లాంప్ పెట్టి ఎడమ లోబ్ రంగు చూడండి. ఐసీజీ (రక్తం చేరుతోందో లేదో వెలుగుతో చూపే రంగు మందు) సదుపాయం ఉంటే ఇంకా మేలు. లోబ్ రంగు మారకపోతే సన్నని యాక్సెసరీ ధమనిని కట్టవచ్చు, కాలేయ ఎంజైములు కొన్నాళ్లు పెరిగి దిగుతాయి. లావుపాటి రీప్లేస్డ్ ధమని, అందులోనూ సిరోసిస్ ఉన్న కాలేయమైతే కట్టకూడదు. హయాటస్ హెర్నియా, బరువు తగ్గించే ఆపరేషన్లలో లెస్సర్ ఓమెంటాన్ని ఎనర్జీ పరికరంతో చకచకా కోసుకుంటూ వెళ్లే అలవాటుంది. ఆ పలుచని పొరలో నాడి కొట్టే తాడు లాంటిది కనిపిస్తే దానికి పైనా కిందా కిటికీలు చేసుకుని పని చేయవచ్చు. చోటు చాలకపోవడం అరుదు.

గాల్‌బ్లాడర్ దగ్గర సమస్య వేరు. అక్కడ ముందస్తు సీటీ ఉండదు, కాబట్టి ఆపరేషన్ క్రమమే రక్షణ. సిస్టిక్ ఆర్టరీ (గాల్‌బ్లాడర్‌కు వెళ్లే ధమని) మామూలుగా కుడి హెపాటిక్ నుంచి, 1891లో కాలో చెప్పిన త్రికోణంలో (గాల్‌బ్లాడర్ గొట్టమైన సిస్టిక్ డక్ట్‌కూ పిత్తనాళానికీ మధ్య జాగాలో) పుడుతుంది. రెండు సిస్టిక్ ధమనులు ఉండొచ్చు. జీడీఏ నుంచి పుట్టి, త్రికోణంలోకే రాకుండా సిస్టిక్ డక్ట్ కింద నుంచి వచ్చేది కూడా ఉంటుంది. అన్నిటికన్నా ప్రమాదం కుడి హెపాటిక్ మెలిక తిరిగి త్రికోణంలోకి ఉబ్బుకు రావడం. దీన్ని మొయినిహాన్ హంప్ అంటారు. ఆ మెలిక నుంచి సిస్టిక్ ఆర్టరీ చాలా పొట్టిగా పుడుతుంది. గాల్‌బ్లాడర్‌ను లాగినప్పుడు మెలిక కూడా లాగబడి, అదే సిస్టిక్ ఆర్టరీ అన్నట్టు ఎదురొస్తుంది. త్రికోణంలోని ధమని 3 మి.మీ. కన్నా లావుగా ఉంటే అది కుడి హెపాటిక్ అనే అనుకోవాలి. గాల్‌బ్లాడర్ గోడ మీద పాకి అందులో కలిసిపోయేదాకా అనుసరించి, ఆ తర్వాతే క్లిప్. 1995లో స్ట్రాస్‌బర్గ్ బృందం చెప్పిన క్రిటికల్ వ్యూ ఈ పొరపాటుకు కూడా విరుగుడే: త్రికోణంలో కొవ్వు, నార అంతా తీసేయాలి, గాల్‌బ్లాడర్ కింది భాగం కాలేయపు పడక నుంచి విడిపోవాలి, లోపలికి వెళ్లే నిర్మాణాలు రెండే కనిపించాలి. రక్తం చిమ్మితే గుడ్డిగా క్లిప్పులు వేయడం వద్దు. గాల్‌బ్లాడర్‌తోనే గానీ గాజ్ గుడ్డతో గానీ నొక్కి పట్టి, పీల్చి, చూపు తెచ్చుకున్నాకే పట్టాలి. ధమనికి వేశామనుకున్న క్లిప్ పిత్తనాళాన్ని కూడా పట్టేస్తే, రెండు గాయాలూ కలిసి కుడి లోబ్ కుంచించుకుపోయే దాకా వెళ్లొచ్చు.

కాలేయ మార్పిడిలో ఈ తేడాలు దాత దగ్గరే తేలాలి. మరణానంతర దాతలో లెఫ్ట్ గ్యాస్ట్రిక్‌ను జీర్ణాశయం గోడ దగ్గర మాత్రమే కోయాలి, మూలం దగ్గర కాదు. ఎడమ హెపాటిక్ దానిలోంచి వస్తుంటే సీలియాక్‌తో పాటు సహజంగానే వచ్చేస్తుంది, అదనపు అతుకు అక్కర్లేదు. కుడి హెపాటిక్ ఎస్ఎంఎ నుంచి వస్తుంటే ఆ ఎస్ఎంఎ భాగాన్ని కూడా తీసుకోవాలి. ఐసు మీద బల్లపైనే కుడి హెపాటిక్‌ను జీడీఏ మొదలుకో స్ప్లీనిక్ మొదలుకో 7–0 లేదా 8–0 ప్రోలీన్‌తో కలిపి, గ్రహీతలో ఒకే అతుకు సరిపోయేలా చేస్తారు. ఇక్కడ చెడేది ఎక్కువగా పొడవు, మెలిక వల్ల. బల్ల మీద కాలేయం ఖాళీగా పడుకుని ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న ధమని, గ్రహీతలో కాలేయం నిండి తన చోటులో కూర్చున్నాక మడత పడవచ్చు. మడత అంటే రక్తం గడ్డకట్టడమే, ఆపైన పిత్తనాళాలు చచ్చిపోవడమే. జీవించి ఉన్న దాత నుంచి కుడి లోబ్ తీసేటప్పుడు సెగ్మెంట్ 4 ధమని కీలకం. అది కుడి హెపాటిక్ నుంచి పుడుతుంటే, కుడి ధమనిని ఆ కొమ్మ దాటాకే కోయాలి, దాతకు మిగిలే భాగం దాని మీదే ఆధారపడుతుంది.

ప్లీహం వైపు క్లుప్తంగా. స్ప్లీనిక్ ఆర్టరీ సుమారు 70 శాతం మందిలో ప్లీహానికి దూరంగానే చాలా కొమ్మలుగా చీలుతుంది, మిగిలినవారిలో దగ్గరకొచ్చాక పొట్టి కొమ్మలవుతుంది. మొదటి రకంలో ప్లీహంలో కొంత భాగమే తీయడం తేలిక, ఒక్కో కొమ్మనూ విడిగా కట్టవచ్చు. డోర్సల్ పాంక్రియాటిక్ ఆర్టరీ ఎక్కువగా స్ప్లీనిక్ నుంచే వచ్చినా కామన్ హెపాటిక్, సీలియాక్, ఎస్ఎంఎ వీటిలో దేని నుంచైనా రావచ్చు. రక్తస్రావం కోసం స్ప్లీనిక్‌ను మూసేటప్పుడు దీని స్థానం చూసి కాయిల్ పెట్టాలి.

కాథెటర్‌తో (ధమనిలోకి పంపే సన్నని గొట్టంతో) కాలేయ గడ్డలకు చికిత్స చేసేవారికి ఇంకో రకం చిక్కు. ఇక్కడ తెగేది ఏమీ ఉండదు. మందు వెళ్లాల్సిన చోటుకు వెళ్లకపోవడం, వెళ్లకూడని చోటుకు వెళ్లడం, ఈ రెండే ప్రమాదాలు. సీలియాక్ ఒక్కటే చూసి మొదలుపెట్టొద్దు. ఎస్ఎంఎ యాంజియోగ్రాం కూడా తీస్తే అక్కడి నుంచి వచ్చే కుడి హెపాటిక్ దొరుకుతుంది, ఆలస్య దశలో పోర్టల్ వెయిన్ తెరిచి ఉందో లేదో కూడా తెలుస్తుంది. సీలియాక్ బొమ్మలో కాలేయం కుడి భాగం తెల్లబారకపోతే అక్కడికి ఇంకో ధమని ఉన్నట్టే. అన్ని హెపాటిక్ ధమనులూ చూశాక కూడా గడ్డలో ఒక అంచు ఖాళీగా మిగిలితే కాలేయం బయట వెతకాలి. డయాఫ్రంకు ఆనుకున్న సెగ్మెంట్ 7 గడ్డలను రైట్ ఇన్ఫీరియర్ ఫ్రెనిక్ ఆర్టరీ తరచుగా పోషిస్తుంది. అది బృహద్ధమని నుంచి గానీ సీలియాక్ నుంచి గానీ పుడుతుంది.

యిట్రియం–90 గోళికలు (రేడియోధార్మిక చికిత్స గోళికలు) పంపేటప్పుడు ఈ వెతుకులాట మరింత కఠినంగా ఉండాలి, జీర్ణాశయంలో చేరిన గోళికలు మానని పుండు చేస్తాయి కాబట్టి. రైట్ గ్యాస్ట్రిక్ ఆర్టరీ ప్రాపర్ హెపాటిక్ నుంచి గానీ ఎడమ హెపాటిక్ నుంచి గానీ పుట్టే సన్నని నాళం, మామూలు యాంజియోగ్రాంలో లివర్ నీడలో దాక్కుంటుంది. ఎడమ హెపాటిక్‌లో కాథెటర్ ఉంచి సీ–ఆర్మ్ సీటీ తీస్తే జీర్ణాశయం గోడ తెల్లబారడం ద్వారా బయటపడుతుంది. దొరికితే కాయిల్‌తో మూయవచ్చు, లేదా మైక్రోకాథెటర్ కొసను అది పుట్టిన చోటు దాటించి మందు పంపవచ్చు. కుడి వైపు మందు పంపేటప్పుడు కొసను సిస్టిక్ ఆర్టరీ దాటించగలిగితే గాల్‌బ్లాడర్ వాపు తప్పుతుంది. అసలు మందుకు ముందు టెక్నీషియం–99ఎం ఎంఏఏ (పరీక్ష కోసం వాడే రేడియోధార్మిక కణాలు) పంపి స్కాన్ తీసేది ఈ దారి తప్పుడును, ఊపిరితిత్తులకు జారే వాటాను లెక్కగట్టడానికే. ఆ స్కాన్‌లో బొడ్డు పైన పొట్ట ముందు గోడ వెలిగితే ఫాల్సిఫార్మ్ ఆర్టరీ గుర్తుకు రావాలి. అది ఎడమ హెపాటిక్ లేదా సెగ్మెంట్ 4 కొమ్మ నుంచి పుట్టి లిగమెంట్ వెంట చర్మం దాకా వస్తుంది. వదిలేస్తే బొడ్డు పైన నొప్పి, చర్మం ఎర్రబారడం వస్తాయి. కాయిల్ పెట్టడం కుదరనంత సన్నగా ఉంటే, మందు పంపుతున్నంతసేపూ ఆ చోట చర్మం మీద ఐసు ప్యాక్ ఉంచాలి. చలికి చర్మపు నాళాలు బిగుసుకుని, రక్తం కాలేయం వైపే మళ్లుతుంది.